కొండాపూర్‌లో మౌత్ కా కువా

హైదరాబాదు పోయివచ్చిన వాళ్లను మా కామారెడ్డిలో ఏం తెచ్చావని అడుగుతారు. నేను ఈసారి కోపం తెచ్చాను. వచ్చి పది రోజులైంది, ఇంకా దిగలేదు. అన్నం మీద కోపం, ఫ్యాను మీద కోపం. "గీ అరుసుడు నాతోని కాదు, కాయితం మీద రాసి పారెయ్యి" అన్నది మా ఆవిడ. అందుకే రాస్తున్నాను.

నాకు అరవై రెండేళ్లు. బస్టాండు వెనక మైకు సెట్లు కిరాయికి ఇచ్చే దుకాణం ఉంది. అంతకు ముందు ఇరవై రెండేళ్లు జాతరల్లో, ఎగ్జిబిషన్లలో మౌత్ కా కువా దగ్గర మైకు పట్టాను. మౌత్ కా కువా అంటే చావు బావి. చూడని వాళ్ల కోసం చెప్తాను. చెక్క పలకలను గుండ్రంగా నిలబెట్టి, బోల్టులు బిగించి, చుట్టూ ఇనుప తాడు కడితే రెండంతస్తుల ఎత్తున బావి తయారవుతుంది. దాని లోపలి గోడ మీద మోటారు సైకిళ్లూ కార్లూ అడ్డంగా తిరుగుతాయి. జనం పైన గట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తారు. దారిన పోయేవాడిని ఆపి ఆ గట్టు మీదికి ఎక్కించేది మైకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోటికి అప్పట్లో ఊళ్లకు ఊళ్లే కదిలేవి.

ఫోను చేసింది పద్మ. నాతో పనిచేసిన రాజయ్య కూతురు, ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. తండ్రి తర్వాత కారు తనే నడుపుతున్నది. "మామా, హైటెక్ సిటీ కాడ ఒక ఆఫీసుల ఫ్యామిలీ డే అంట. మన బాయి పెట్టుమన్నరు. మైకు నువ్వే వట్టాలె" అన్నది. బావిని మేం బాయి అనే అంటాం. ఐదేళ్లుగా పెళ్లిళ్లకూ ఎలక్షన్లకూ మైకులు అద్దెకిచ్చుకుంటూ బతుకుతున్న నాకు ఆ మాట వినగానే గొంతు దానంతటదే సవరించుకుంది. రెండు జతల బట్టలూ, నా పాత మైకూ సంచిలో వేసుకుని రైలెక్కాను.

హఫీజ్‌పేట్

మధ్యలో లోకల్ రైలు మారి హఫీజ్‌పేట్‌లో దిగాను. స్టేషను బయట చాయ్ ఇరవై రూపాయలు. గ్లాసు చూస్తే మా ఊళ్లో దగ్గుమందు పోసి ఇచ్చే మూత అంత ఉంది. "ఇది మొత్తమా, సగమా?" అని అడిగాను. చాయ్ అమ్మే మనిషి నవ్వలేదు. ఈ ఊళ్లో జనానికి నవ్వే తీరిక లేదని మొదటి గంటలోనే తెలిసింది.

నవ్విన వాడు ఒక్కడు, ఆటో డ్రైవరు. పాలమూరు దిక్కు మనిషి. నా పని తెలియగానే వెనక్కి తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు, రోడ్డు చూడవయ్యా అంటే వినడు.

"మౌత్ కా కువానా? మా కాడ జాతరల చూసిన సార్. కార్లకెళ్లి సగం మనిషి బయటికొచ్చి, పైన మనం వట్టుకున్న నోటు గుంజుకునెటోడు. నా చేతిల పది రూపాల నోటు గుంజుకున్నడు. ఇంటికి వోయినంక అమ్మ కొట్టింది, గని మస్తు ఖుషీ అయింది."

"ఇప్పుడు ఆఫీసులో పెడుతున్నాం. వచ్చి చూడు" అన్నాను.

"ఆఫీసులనా?" అని పెద్దగా నవ్వాడు. "నన్ను గేటు కాడ ఆగనియ్యరు సార్, నిమిషం నిలవడితే సీటీ ఊది తరుముతరు. గాళ్లు చూడనియ్యి తియ్యి."

జాతరలో ఆట చూసేది ఇలాంటి మనిషే. ఇప్పుడు ఆట గేటు లోపలికి పోయింది, చూసేవాడు బయట మిగిలాడు. నా కోపం ఇక్కడ మొదలైంది.

బాచుపల్లి

బాచుపల్లిలో ఎటు చూసినా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలే. గోడలు, స్తంభాలు, బస్సుల వెనక, అన్నిటి మీదా అవే. పద్మ ఒక స్కూలు ప్రహరీ వెనక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. సగంలో ఆమె సంసారం, మిగతా సగంలో టార్పాలిన్ కింద బాయి. పలకలు నేను ఎరిగినవే. టైర్లు తిరిగి తిరిగి నల్లబడి, నున్నగా కాక, చెయ్యి పెడితే గరుకు తగిలే చెక్క. ఆ గరుకు మీదే టైరు పట్టు దొరుకుతుంది. పక్కన తలుపులు పీకేసిన పాత చిన్న కారు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటుండగా సంగతి చెప్పింది. రెండేళ్లుగా ఏ జాతరకూ పర్మిషన్ దొరకలేదు. ఈ ఆఫీసు వాళ్లకు ఊళ్లో ఇంకా మూడు పెద్ద బిల్డింగులున్నాయి. ఇక్కడ ఆట నచ్చితే అక్కడ కూడా పెడతామన్నారు.

"నచ్చకుంటె?"

"కొండాపూర్ల కాఫీ హోటల్ వెడ్తున్న ఒకాయన ఈ పలకలు అడిగిండు మామా. గోడలకు కొట్టుకుంటడంట. గిట్ల అరిగిన చెక్కంటె గాళ్లకు పానమంట."

మనుషులు ప్రాణాలకు తెగించి తిరిగిన చెక్కను తీసుకుపోయి కాఫీ కప్పుల వెనక సింగారానికి కొడతారా! అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను ఉండగా కానీయను. ఎట్ల నచ్చదో చూస్తాను" అన్నాను. పద్మ ఇంకో రొట్టె వేసింది.

ఇక్కడ మా ఆటలో ఒక కట్టుబాటు చెప్పాలి. గట్టు నిండిందని చూసుకుని మైకు వాడు నడిపే మనిషి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మొదటి పిలుపుకు జనం అటు తిరుగుతారు. రెండో పిలుపుకు ఇంజను మొదలవుతుంది. మూడో పిలుపుకు బండి గోడ ఎక్కాలి. జ్వరమొచ్చినా, ఇంట్లో చావు కబురొచ్చినా మూడో పిలుపు తర్వాత వెనక్కి తగ్గిన వాడు మర్నాడు ఆ డేరాలో ఉండడు. నేను ఎన్ని వేలసార్లు పిలిచానో లెక్క లేదు. తగ్గిన వాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

రాజయ్య కూడా తగ్గలేదు. ఇరవై మూడేళ్ల కింద ఒక జాతరలో సాయంత్రం ఆటకు ముందు చినుకులు పడ్డాయి. చెక్క తడిసింది, టైరు జారింది, కారు గోడ మీద నుంచి అడుక్కి వచ్చి పడింది. నడుము పోయింది. తొమ్మిదేళ్లు మంచంలో ఉండి చనిపోయాడు. ఎవరు అడిగినా నేను ఒక్కటే చెబుతూ వచ్చాను, అది వాన చేసిన పని అని.

కొండాపూర్

బాయి నిలబెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ భోజనం కొండాపూర్‌లో ఒక మెస్సులో. నడిపేది కోనసీమ ఆవిడ. ఆ ఊరు మొత్తంలో నాకు నచ్చిన చోటు అదొక్కటే. భోజనం నూట ముప్పై, మా దగ్గర తొంభైకి వస్తుంది. కానీ ఆవిడ వడ్డించే తీరుకు ఆ నలభై ఇచ్చుకోవచ్చు. "పప్పులో నెయ్యి వేయించుకోండి బాబాయిగారూ, మొహమాటపడకండి. గోంగూర ఇంకాస్త వేయమంటారా?" అని కొసరి కొసరి అడిగేది. మా దిక్కు పెడతారు, ఇంతగా అడగరు. "గోంగూరల గింత నూనె ఎందుకమ్మా?" అంటే, "నూనె లేకపోతే అది గోంగూరెందుకవుతుందండీ!" అని నన్నే కసిరింది.

పక్కన తినే పిల్లలంతా చెవుల్లో ఏదో పెట్టుకుని, అన్నం వైపు చూడకుండా తింటారు. ఒక అమ్మాయి మాత్రం చెవిలోది తీసి మాట కలిపింది. నేను వచ్చిన పని చెబితే ఆశ్చర్యపోయింది.

"కారు గోడ మీద తిరుగుతుందా అంకుల్? అంటే అది సిమ్యులేషనా?"

"కాదమ్మా. పెట్రోలు."

"పడిపోతే?"

"పడిపోతే పడిపోతారు."

ఆ పిల్ల ముద్ద పళ్లెంలో పెట్టేసి నా మొహం చూసింది. "మరి ఎందుకు చేస్తారండీ?" అని అడిగింది. చిరాకేసింది. మజ్జిగ తాగి లేచాను.

గేటు లోపల

ఆఫీసు గేటు దగ్గర నా సంచి మూడుసార్లు తడిమారు. మైకు చూసి "ఇదేంది?" అన్నాడు సెక్యూరిటీ మనిషి. మైకును మైకని నిరూపించడానికి అతని ముందు "హలో, చెక్" అని చూపించాల్సి వచ్చింది. మెడలో ఒక కార్డు వేశారు. ఆ కార్డుతో బాత్రూం వరండాలోకి తలుపు తెరుచుకుంది, బయటికి రావడానికి తెరుచుకోలేదు. లోపల పావుగంట నిలబడ్డాను. ఊడ్చే అక్క వచ్చి తన కార్డు పెట్టి వదిలిపెట్టింది. "కొత్తోళ్లందరు గిట్లనే ఇరుక్కుంటరు పెద్దాయినా, జర చూస్కోని రావాలె" అన్నది. మనిషిని లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని తలుపు ఎలుకల బోనుకు ఉంటుందని తెలుసు, ఆఫీసుకు కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

బాయి మాత్రం బాగా నిలబడింది. చుట్టూ ఆకాశాన్ని తాకే అద్దాలే, ఆ అద్దాల్లో మా నల్లటి చెక్క బాయి కనిపిస్తుంటే ఛాతీ పొంగింది. సాయంత్రం పద్మ ఖాళీ బాయిలో పది రౌండ్లు తిరిగి చూసుకుంది. పట్టు బాగుందన్నది. చెయ్యి స్టీరింగు వదిలి, నడుము దాకా బయటికి వంగి, గట్టు మీది నా చేతిలో ఉన్న రుమాలు గుంజుకుపోయింది. రాజయ్య వంగినట్టే వంగింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

మర్నాడు ఆట. పొద్దున్నే వెళ్లి చూస్తే బాయి లోపల గోడకు స్టిక్కర్ అంటించి ఉంది.

గోడ చుట్టూ, మనిషి ఎత్తు వెడల్పున, సరిగ్గా కారు తిరిగే చోట, మెరిసే ప్లాస్టిక్ స్టిక్కర్. దాని మీద కంపెనీ గుర్తు, పక్కన "నో లిమిట్స్" అన్న మాట, మళ్లీ గుర్తు, మళ్లీ ఆ మాట. నున్నగా, అరచేయి పెడితే జారిపోయేలా ఉంది. అంటించింది ఆట ఏర్పాట్లు చూసే ఈవెంట్ మేనేజరు కార్తీక్ మనుషులు. కార్తీక్‌కు ముప్పై ఏళ్లుంటాయి, రాజమండ్రి పిల్లవాడు, మర్యాదకు ఏ లోటూ లేదు.

"పబ్లిక్ అందరూ చూసేది లోపలి గోడనే కదండీ అంకుల్. బ్రాండింగ్‌కి బెస్ట్ ప్లేస్ అదే కదండీ" అన్నాడు.

"దాని మీద కారు తిరగాలె బాబూ."

"తిరగనివ్వండి, ప్రాబ్లమ్ లేదండీ. ప్రింట్ మంచి క్వాలిటీ, గీతలు కూడా పడవు."

కారు గీరితే స్టిక్కర్ పాడవుతుందేమోనని నేను భయపడుతున్నాననుకున్నాడు వాడు! పద్మ వచ్చి గోడ చూసింది. గోటితో ఒక మూల లేపి చూసింది. "తీసేస్తేనే ఎక్కుత" అన్నది, అంతే. కార్తీక్ ఎవరెవరికో ఫోన్లు చేశాడు. పెద్దవాళ్లు ఒప్పుకోవాలి, అప్రూవల్ రావాలి, లంచ్ తర్వాత చూద్దామన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. గోడ ఎట్లుందో చూడకుండా మనిషిని గోడెక్కించే వాడు మనిషేనా అన్నాను. ఆ మాట ఆవరణంతా వినబడేలా అన్నాను.

మూడో పిలుపు

రెండు గంటలకు అప్రూవల్ వచ్చింది. నలుగురు మనుషులు స్టిక్కర్ లాగారు. సగం వచ్చింది. వచ్చిన చోట గోడంతా జిగురు, రాని చోట మెరుపు. కిరోసిన్ పెట్టి తుడిచి, ఉప్పు కాగితంతో గీకితే గానీ పోదు. దానికి ఒక పూట కావాలి. ఆట నాలుగు గంటలకు.

మూడున్నర నుంచే జనం వచ్చారు. ఆఫీసు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, భుజాల మీద పసివాళ్లు. గట్టు నిండింది. ఇంకా మెట్ల మీద నిలబడ్డారు. ఒకతను నోటు బదులు ఫోను చాపి, "కారు మీద స్కాన్ చేసే కోడ్ ఎక్కడుంటుందండీ?" అని అడిగాడు. నేను మైకు తీసుకున్నాను. సముదాయిద్దామనే తీసుకున్నాను. ఆట ఆలస్యమవుతుంది, ఆగండి అని చెబుదామనుకున్నాను.

కానీ ఐదేళ్ల తర్వాత నిండిన గట్టు. నోరు తెరిస్తే పాత మాటలే వచ్చాయి. "రండి బాబూ రండి, గుండె ధైర్యం ఉన్నోళ్లే ముందుకు రండి" అన్నాను. చప్పట్లు మొదలయ్యాయి. పసివాళ్లు అరిచారు. మాట మీద మాట వచ్చింది. ఒంట్లో ఇరవై ఏళ్లు తగ్గిపోయాయి. "పద్మ!" అని పిలిచాను. జనం కిందికి చూశారు. "పద్మ!" అన్నాను మళ్లీ. ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. అక్కడితో ఆపవచ్చు. గోడ నాకు కనిపిస్తూనే ఉంది, జిగురు మీద ఎండ మెరుస్తూనే ఉంది. చూడలేదని చెబితే అబద్ధం.

మూడోసారి పిలిచాను.

ఇంజను ఆగింది. పద్మ కారు దిగింది. అడుగున ఉన్న చిన్న తలుపు తోసుకుని బయటికి వచ్చింది, మెట్లెక్కి గట్టు మీదికి వచ్చింది, నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"అందరికి నమస్కారం. గోడ మంచిగ లేదు. ఇయ్యాల ఆట లేదు" అన్నది. మైకు నా చేతిలో పెట్టి దిగిపోయింది.

రాళ్లు పడతాయనుకున్నాను. జాతరలో అయితే పడేవి. ఇక్కడ ఎవరో "టెక్నికల్ ఇష్యూ అంట" అన్నారు, అందరూ పానీపూరీ దుకాణం వైపు నడిచారు. కార్తీక్ ఐదు నిమిషాల్లో దారి వెతికాడు. బాయి అడుగున కారు నిలబెట్టి, ఫొటోలు దిగే చోటు అని బోర్డు పెట్టాడు. వరుస కట్టి మరీ దిగారు. సగం ఊడిన "నో లిమిట్స్" ముందు హెల్మెట్లు పెట్టుకుని, వేళ్లు చాపి ఫొటోలు. "సూపర్ హిట్ అండీ అంకుల్" అన్నాడు సాయంత్రం. మిగతా బిల్డింగుల్లో ఆటేమీ వద్దట, కారూ నాలుగు పలకలూ ఇస్తే చాలట.

విప్పడం

మర్నాడు పొద్దున బాయి విప్పడానికి వెళ్లాం. నేను ముందు రోజు నుంచి పద్మతో మాట్లాడలేదు. కోపం కార్తీక్ మీద అనుకున్నాను, స్టిక్కర్ మీద అనుకున్నాను, పానీపూరీకి పోయిన జనం మీద అనుకున్నాను. ఇనుప తాడు వదులు చేస్తుండగా నోరు జారింది, అప్పుడు తెలిసింది ఎవరి మీదో.

"కింది దిక్కు ఒక్క రౌండు తిరిగితె పోయేది గద బిడ్డా. ఇరవై రెండేండ్లల నా మూడో పిలుపు ఎవ్వడు కాదనలే. ఆట గూడ దక్కేది."

పద్మ పానా ఆపలేదు. బోల్టు తిప్పుతూనే మాట్లాడింది.

"నాయిన వడ్డ దినం నేను బాయి అడుగున ఉన్న మామా. గుడ్డతోని పలకలు తుడుస్తున్న. నాయిన నీ దిక్కు చెయ్యి ఊపిండు, వద్దని. నువ్వు చూసినవ్. చూసి మూడోసారి పిలిచినవ్."

చూశాను. రాజయ్య చెయ్యి ఊపింది నిజం, నేను చూసింది నిజం. గట్టు నిండి ఉందని పిలిచింది నిజం. ఇరవై మూడేళ్లు ఆ చేతిని వాన వెనక దాచుకున్నాను. ఈ పిల్లకు మొదటి రోజు నుంచే తెలుసు. తెలిసే నాకు రొట్టెలు వేసింది.

"మరి నన్నెందుకు పిలిపిచ్చినవ్?" అని అడిగాను.

"నీ లెక్క జనాన్ని పిలిచెటోడు ఇంకోడు లేడు. అది గూడ నిజమే."

అంతలో కొండాపూర్ కాఫీ హోటలాయన టేపు పట్టుకుని వచ్చాడు. టైర్ల గుర్తుల మీద అరచేయి రాసి "వావ్" అన్నాడు. నేను వాడి మీదికి పోబోయాను. ఎవరి మీదికో ఒకరి మీదికి పోవాలి గదా. పద్మ నా చెయ్యి పట్టుకుంది.

"కొననియ్యి మామా. దానికి ఒరిగి కూసోని కాఫీ తాగుతరు, తాగనీ. ఎవ్వలు వడరు."

ఆయన పలకలు లెక్కపెట్టుకుంటుంటే ఆమె మళ్లీ బోల్టు దగ్గర కూర్చుంది. నేను ఇంకో పానా తీసుకుని అవతలి పక్కకు పోయాను.